మనాలి ఖర్చు, ఇద్దరికి

ఏప్రిల్ 4, శనివారం

మనాలి. ఇద్దరం. మే నెల రెండో వారం. ఇంతవరకు ఖాయం.

రైలు, సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ, థర్డ్ ఏసీ, రానూపోనూ: 8,400
ఢిల్లీ నుంచి మనాలి బస్సు, రానూపోనూ: 7,200
హోటల్, నాలుగు రాత్రులు: 18,000
తిండి: 9,000
మంచు ఉన్న చోటికి కారు: 6,500
మంచు బట్టల కిరాయి, రెండు జతలు: 1,000
పై ఖర్చులు: 5,000
మొత్తం: 55,100

చలి కోసం ఇంత డబ్బు పోసే జనం దేశంలో ఉన్నారని ఇప్పుడే తెలిసింది. నా నెల జీతం నలభై ఆరు వేలు. హోటల్ గది ఒక్క రాత్రికి నాలుగున్నర వేలు, అందులో వంటగది కూడా లేదు.

ఈ రోజు ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పదకొండు మందికి పాఠం చెప్పాను. పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్న పాఠమే. రాయని పని చేయని పని కింద లెక్క. తప్పు రాస్తే చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. ఒకే ఒక గీత కొట్టాలి, కింద అక్షరాలు కనబడాలి. పక్కన పొట్టి సంతకం, తేదీ, కారణం. మేం చేసేది మందులు, మింగేవాడు మనల్ని నమ్మి మింగుతాడు అని కూడా చెప్పాను. ఒకమ్మాయి ఆవులించింది.

ఏప్రిల్ 5, ఆదివారం

ప్రేమలత జోగిపేటలో పుట్టింట్లో ఉంది. మామయ్య పోయి రెండు నెలలు కూడా కాలేదు, అత్తమ్మకు తోడు కావాలి కదా. పక్కింటివాళ్ళకు ఇదే చెబుతున్నాను. నిజం కూడా ఇదే.

ఏప్రిల్ 8, బుధవారం

ఫ్యాక్టరీలో ఏదైనా తప్పు జరిగితే ఒక రిపోర్టు రాస్తాం. జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా దిద్దాలి. ఇంటి విషయం కూడా అలా రాస్తే తలనొప్పి తగ్గుతుందేమో చూద్దాం.

జరిగింది: మార్చి 29, ఆదివారం. మామయ్య మరణ ధ్రువపత్రం కోసం నా ఆధార్ జిరాక్స్ కావాలని ప్రేమలత నా ఫైలు తీసింది. అందులో ఒక బిల్లు కనబడింది. శివశంకర్, ప్రేమలత, ఇద్దరు పెద్దలు, మనాలి, ఫిబ్రవరి 9 నుంచి 13 వరకు. మామయ్య పోయింది ఫిబ్రవరి 11న.

ఆమె ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. తరువాత అడిగింది, “మా నాయిన పాణం పొయిన దినం నేను మనాలిల ఉన్ననా?”

ఎందుకు జరిగింది: కంపెనీ రెండేళ్ళకోసారి ప్రయాణ భత్యం ఇస్తుంది. ఎల్‌టీఏ అంటాం. నలభై వేలు. దానికి వరుసగా ఐదు రోజుల సెలవు పెట్టి ఉండాలి, ఎక్కడికో వెళ్ళొచ్చిన బిల్లు పెట్టాలి. ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. పెళ్ళికో జ్వరానికో పెట్టిన సెలవు చూపించి, పటాన్‌చెరులో వెంకట సాయి దగ్గర బిల్లు కొనుక్కుంటారు. నేనూ మూడుసార్లు కొన్నాను. ఈ ఏడు నాకున్న ఐదు రోజుల సెలవు మామయ్యకు బాగా లేదని పెట్టినదే. మార్చి ముగిసేలోపు బిల్లు ఇవ్వకపోతే డబ్బు పోతుంది. పైగా ఆ డబ్బు నేనేమీ తాగి తగలేయలేదు. సంగారెడ్డి ఆసుపత్రికి కట్టడానికి అప్పు తెచ్చాను, దాన్ని తీర్చాను.

ఈ మాట ఆమెకు చెప్పాను. ఆమె అంది, “పైసలు లెవ్వంటే నా కమ్మలు ఇస్తుంటి గద. నన్నెందుకు తోల్కపోయినవ్ గాడికి?”

సాయంత్రం బస్సెక్కింది. బడికి ఎండాకాలం సెలవులిచ్చేదాకా జోగిపేట నుంచే వచ్చి పాఠాలు చెప్పుకుంటానంది.

ఆ ఐదు రోజులూ నేను జోగిపేటలోనే ఉన్నాను. ఒక్కసారి మందుల కోసం బయటికి పోయాను, అంతే. ఇది రికార్డు కోసం.

ఎలా దిద్దాలి: కాగితం మీద ఉన్నదాన్ని నిజం చేయాలి. ప్రేమలతను మనాలి తీసుకెళ్ళాలి.

ఏప్రిల్ 11, శనివారం

డ్యూటీ నుంచి వస్తూ పటాన్‌చెరులో దిగి వెంకట సాయి దుకాణానికి వెళ్ళాను. ముందు జిరాక్స్, వెనక ట్రావెల్స్. నన్ను చూసి కుర్చీ తుడిచాడు.

“ఏంటి సార్, అప్పుడే మళ్ళీ బిల్లా? ఇప్పుడే కదా అయింది.”

“బిల్లు కాదు. టూరు. నిజంగా వెళ్ళాలి.”

అతను కంప్యూటర్ మీద నుంచి చేతులు తీసేశాడు. “నిజంగా అంటే? మనిషి వెళ్ళడమా?”

“మనుషులు. ఇద్దరు.”

తల గోక్కున్నాడు. ఆరేళ్ళుగా ట్రావెల్స్ నడుపుతున్నాడు, ఇంతవరకు ఒక్కణ్ణీ ఎక్కడికీ పంపలేదట. “మీరే ఫస్టు సార్. నాక్కూడా కొత్తే. కనుక్కుని చెబుతాను.” అరగంట ఎవరెవరికో ఫోన్లు చేశాడు. హిందీలో బతిమాలాడు. చివరికి అరవై రెండు వేలన్నాడు.

“ఫిబ్రవరిలో నలభైకే వెళ్ళొచ్చాను కదయ్యా?” అన్నాను.

“అది వేరు సార్. అందులో ఖర్చేమీ ఉండదు కదా.”

ఇద్దరం నవ్వాం. బయటికొచ్చాక నామీద నాకే ఒళ్ళు మండింది. ఆ కుర్చీలో కూర్చోవడం నాకిష్టం లేదు. ఇంకెప్పుడూ అక్కడికి వెళ్ళను. నా లెక్కలు నేనే వేసుకోగలను.

ఏప్రిల్ 12, ఆదివారం

హోటల్ ఊరికి దూరంగా తీసుకుంటే నాలుగు వేలు మిగులుతుంది. కానీ రోజూ ఆటోకి వెయ్యి. కొట్టేసి మళ్ళీ మొదటి అంకే రాశాను. ఒకే గీత, శి.శ., 12-4.

ఏప్రిల్ 15, బుధవారం

రెండు రోజులుగా అన్నం, మామిడికాయ తొక్కు. ఆదివారం జోగిపేట వెళ్ళి చెబుతాను. లెక్క అంతా కాగితం మీద నీటుగా రాశాను.

ఏప్రిల్ 19, ఆదివారం

వెళ్ళాను. అత్తమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమె పేరు మొగులమ్మ, మాట ఆపడం తెలియదు. “అగో, సిక్కిపోయినవ్ గద బిడ్డా. తింటున్నవా లేదా? దీనికి సెప్తున్న, మొగన్ని గట్ల ఇడిసిపెట్టి ఎన్నొద్దులుంటవే అని. ఇంటదా?”

ప్రేమలత మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, మళ్ళీ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. కాగితం ఆమె ముందు పెట్టాను. పైనుంచి కింది దాకా చదివింది. ఇంగ్లీషు టీచరు కదా, తప్పులు వెతుకుతున్నట్టే చదువుతుంది.

“ఏంది ఇది?”

“మనాలి. పెండ్లయిన కొత్తల మంచు సూడాలె అన్నవ్ గద.”

“నేనా? నేనెప్పుడన్న? మంచుగడ్డలు నాకు కొత్తనా?”

అవును. మామయ్య ఓదెలు ముప్పై ఏళ్ళు ఐస్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. గోనెసంచి భుజాన వేసుకుని దిమ్మలు మోసేవాడు. బడికి సెలవైతే ఈమెను వెంట తీసుకెళ్ళి ఊకబస్తాల మీద కూర్చోబెట్టేవాడట. మంచు చూడాలన్నది ఈమె కాకపోతే ఎవరు? ఇంట్లో ఇంకెవరూ లేరు. నేనే అయి ఉంటాను.

“నాకు మనాలి వద్దు,” అంది. “ఆ కాయితం మీద నా పేరుంది సూడు, అది తీసెయ్యి. గంతే.”

“అది కంపెనీ ఫైలుల పడ్డది. క్లోజ్ అయింది. ఎట్ల తీస్తరు?”

“పంతొమ్మిదేండ్ల సంది గదే పని గద నీది.”

భోజనం పెట్టింది. బచ్చలికూర పప్పు. కబుర్లన్నీ అత్తమ్మే చెప్పింది. మామయ్య ఆఖరి రోజు గురించి కూడా చెప్పింది. “అయిదైంది. జెర తెలివొచ్చింది. అల్లుడేడి అన్నడు. వస్తడు, మందులకు పొయిండు అన్న. ఇంకోపారి అడిగిండు. ఇగ అడగలే.”

ప్రేమలత నా పళ్ళెంలో మజ్జిగ పోసింది. నా ముఖం చూడలేదు.

ఏప్రిల్ 20, సోమవారం

మందులు జోగిపేటలో దొరకలేదు. అందుకే పోయాను.

ఏప్రిల్ 22, బుధవారం

రైలు టికెట్లు తీసేశాను. మే 8, రెండు బెర్తులు, ఇద్దరికి 4,200. టికెట్ చూస్తే మనసు మారుతుంది. పేరు తీయించడం కన్నా మనిషిని తీసుకెళ్ళడమే తేలిక. ఫ్యాక్టరీలో కూడా అంతే, ఒక్క పాత కాగితం దిద్దాలంటే ఆరుగురు సంతకం పెట్టాలి.

ఏప్రిల్ 24, శుక్రవారం

టికెట్ ఫోటో పంపాను. చూసినట్టు రెండు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు లేదు.

ఏప్రిల్ 27, సోమవారం

అకౌంట్స్‌లో భీమశంకరం గారిని కలిశాను. అమలాపురం మనిషి, వాళ్ళ నాన్నగారు ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పదవీ విరమణకు ఏడాది ఉంది. టిఫిన్ బాక్సులో పెసరట్టు పెట్టుకుని తింటున్నారు.

“నా ఎల్‌టీఏ బిల్లు వెనక్కి తీసుకుంటాను సార్,” అన్నాను.

“డబ్బు సరిపోలేదాండీ?”

“తీసుకున్న డబ్బు తిరిగి కట్టేస్తాను. బిల్లు తప్పు.”

పెసరట్టు చేతిలోనే ఉండిపోయింది. లేచి తలుపు వేసొచ్చారు. “ఏంటండీ శివశంకర్ గారూ, పొద్దున్నే నా గుండె ఆపేసేలా ఉన్నారు. బిల్లు తప్పేంటి? ఈ బీరువాలో ఒప్పేదండీ? మొన్న ఫిబ్రవరి నెలలో మన కంపెనీ నుంచి పదిహేడు కుటుంబాలు మనాలి వెళ్ళాయి. అందరూ ఒకే హోటల్లో దిగారు. అందరిదీ రెండొందల నాలుగో నంబరు గదేనండీ! ఆ వెంకట సాయిగాడికి నంబరు మార్చాలన్న తెలివి కూడా లేదు. మీరొక్కరూ తప్పంటే, మిగతా పదహారు మందీ ఆ గదిలోంచి ఎక్కడికి పోతారు?”

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

“వాళ్ళ సంగతి నేను రాయను. నా కాగితం ఒక్కటే.”

“తప్పుడు బిల్లని మీ చేత్తో మీరు రాసిచ్చాక ఊరుకుంటారా? ఇంక్రిమెంట్ ఆపుతారు. మెమో ఇస్తారు. మరీ పట్టుకుంటే ఉద్యోగం కూడా... ఎందుకొచ్చిన గొడవండీ ఇది?”

చెప్పాను. ఫిబ్రవరి 11 మామయ్య పోయిన రోజని, బిల్లు మీద నా భార్య పేరుందని. అంతకన్నా చెప్పలేదు.

ఆయన టిఫిన్ బాక్సు మూత పెట్టేశారు. “ఆవిడ చూసేసిందా? అయ్యో, అయ్యో,” అన్నారు. తరువాత, “ఆలోచించుకుని రండి. పది రోజులు ఆలోచించుకోండి,” అన్నారు.

ఏప్రిల్ 30, గురువారం

కొత్త లెక్క.

ఎల్‌టీఏ తిరిగి కట్టడం: 40,000
ఆగిపోయే ఇంక్రిమెంట్, ఏడాదికి సుమారు: 15,000
మొత్తం: 55,000

మనాలికి వెళితే 55,100. వెళ్ళలేదని ఒప్పుకుంటే 55,000. వంద మిగులు. ఉద్యోగం పోతే ఎంతో ఇందులో వేయలేదు. ఎక్కడ వేయాలో తెలియలేదు.

మే 3, ఆదివారం

జోగిపేట వెళ్ళలేదు. ఇల్లు కడిగాను. ఫైలు తీసి ఆ బిల్లు కాపీ వెతికాను. లేదు. ఆమె తీసుకెళ్ళింది.

మే 6, బుధవారం

లెటరు ఇచ్చాను. భీమశంకరం గారు చదివి, రెండు చోట్ల నా ఇంగ్లీషు దిద్ది, ‘తప్పుడు’ అన్న చోట ‘పొరపాటు’ అని పెట్టమన్నారు. పెట్టలేదు. నాలుగు నెలల్లో జీతంలోంచి కోసుకుంటారట. మిగతాది మేనేజ్‌మెంట్ దయ.

“బిల్లు మీద దిద్దాలి సార్,” అన్నాను.

“ఆడిట్ అయిపోయిన కాగితం మీద గీత పెడతారా? నేను చూస్తూ ఊరుకుంటానా?” అన్నారు. ఫైలు తీసి నా ముందు పెట్టారు. కళ్ళజోడు తీసి జేబులో వేసుకున్నారు. “నేను టీ తాగొస్తాను. పది నిమిషాలు పడుతుంది,” అని వెళ్ళిపోయారు.

రెండు పేర్లు, ఒకదాని కింద ఒకటి. ప్రేమలత పేరు మీద ఒకే గీత కొట్టాను. కింద అక్షరాలు కనబడుతున్నాయి. పక్కన శి.శ., 6-5. కారణం రాయడానికి చోటు తక్కువుంది. ‘తప్పు నమోదు. ఈ తేదీల్లో ఈమె జోగిపేటలో తండ్రి దగ్గర ఉంది’ అని రాశాను.

తరువాత నా పేరు దగ్గరికొచ్చాను. అదే కారణం రాయాలి. పెన్ను పెట్టాను. రాయలేకపోయాను.

ఎందుకంటే ఫిబ్రవరి 11 సాయంత్రం నేను జోగిపేటలో లేను. మందులు జోగిపేటలోనే దొరికాయి, మూడింటికే కొన్నాను. బండి ఇంటివైపు తిప్పలేదు. సంగారెడ్డి మీదుగా పటాన్‌చెరు దాకా పోయాను. బిల్లు పని చూసుకుందామని నాకు నేను చెప్పుకున్నాను. మార్చి దాకా గడువుంది, ఆ రోజే చూసుకోవాల్సిన పనేమీ కాదు. వెంకట సాయి దుకాణంలో ఏసీ ఉంది. ఏ హోటల్ పేరు పెట్టమంటారు సార్ అని మంచు ఫోటోలు తీశాడు. ఒకటి చూస్తే చాలు, ఇరవై చూశాను. ఇంకొంచెం చూపించమన్నాను. ఫోను మూడుసార్లు మోగింది. తిరగేసి పెట్టాను.

ఆ ఇంట్లో మామయ్య ఊపిరి చప్పుడు వినలేకపోయాను. భయమేసింది. అంతే. ఇంకో కారణం లేదు.

నా పేరు అలాగే వదిలేశాను. టీ తాగి ఆయన వచ్చారు, ఫైలు చూడకుండానే మూసేశారు.

ఏప్రిల్ 8న ఇందులో రాసింది తప్పు. అది కూడా దిద్దాలి. రేపు దిద్దుతాను.

మే 7, గురువారం

రైలు టికెట్లు రద్దు చేశాను. కోత పోగా 3,800 వస్తాయట.

మే 10, ఆదివారం

జోగిపేట. అత్తమ్మ పక్కింటికి బొడ్రాయి పండుగ చందా లెక్కలకు పోయింది. ప్రేమలత ఒక్కతే ఉంది. వరండాలో బియ్యం చెరుగుతోంది.

“పేరు కొట్టేసిన,” అన్నాను. “లెటరు గూడ ఇచ్చిన. పైసలు కోస్తరు.”

చేట ఆపింది. “నౌకరీ?”

“సూడాలె.”

మళ్ళీ చెరుగుతూ అడిగింది, “నీ పేరో?”

“కొట్టలే.”

“ఎందుకు?”

చెప్పాను. మూడింటికి మందులు కొన్న దగ్గర్నుంచి ఫోను తిరగేసి పెట్టిన దాకా. నేను ఇంత వరుసగా ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. అల్లుడేడి అని ఆయన అడుగుతున్నప్పుడు నేను మంచు చూస్తున్నానని కూడా చెప్పాను. ఏడుస్తానని అనుకోలేదు, ఏడ్చాను.

ఆమె ఏడవలేదు. బియ్యంలో రాయి తీసి అవతల పారేసింది.

“ఎర్కనే,” అంది.

లోపలికి పోయి ఆ కాపీ తెచ్చింది. వెంకట సాయి మొదట తీసిచ్చిన చిత్తు ప్రతి అది. పై మూలన, కంప్యూటర్ దానంతట అదే అచ్చువేసిన చిన్న అంకెలు. ఫిబ్రవరి 11, సాయంత్రం 5:22.

“అయిదున్నరకు పొయిండు నాయిన. అయిదూ ఇరవై రెండుకు నువ్వు గా దుకాన్ల ఉన్నవ్. ఇంటికొచ్చి మందులు దొరకలే, మస్తు తిరిగిన అన్నవ్. నేను గూడ అయ్యో పాపం అని నీకు నీళ్ళు కాగవెట్టిన.”

పంతొమ్మిదేళ్ళు నేను చూసేది కాగితాల మూలల్లో ఉండే తేదీలు, టైములే. దీన్ని ఫైల్లో పెట్టేటప్పుడు చూడలేదు.

“మరి ముందుగాల్నే ఎందుకు అడగలే?”

“నేనడిగితే నువ్వు చెప్పేది వేరేగుంటుండె. నువ్వే ఎప్పుడు చెప్తవా అని సూసిన. నువ్వేమో మనాలి అంటవ్, టికెట్లంటవ్, ఫోటోలు పంపుతవ్! నాకు నెత్తి కొట్టుకోబుద్ధయింది.”

అత్తమ్మ వచ్చింది. టీ పెట్టింది. చందా ఇంటికి అయిదువందలట. నేను ఇచ్చాను.

బస్టాండు దాకా ప్రేమలత రాలేదు. గుమ్మంలో మాత్రం అంది, “సోమారం వస్త.”

ఏ సోమవారమో అడగలేదు.

మే 11, సోమవారం

రాలేదు. ఈ సోమవారమని ఆమె అనలేదు.

మే 14, గురువారం

మెమో వచ్చింది. ఇంక్రిమెంట్ పోయింది, ఉద్యోగం ఉంది. భీమశంకరం గారు నన్ను చూసి పక్కదారిన పోతున్నారు. మిగతా పదహారు మందిలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. ఏప్రిల్ 8 పేజీ తీశాను. దిద్దాలి. చేయి రాలేదు.

మే 18, సోమవారం

కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి తలుపు తాళం తీసి ఉంది. వరండాలో జోగిపేట బియ్యం సంచి ఉంది. వంటింట్లో పోపు వాసన.

ఈ డైరీ టేబుల్ మీద ఉంది. నేను సొరుగులో పెట్టి పోయాను.

ఏప్రిల్ 8 పేజీలో ‘ఆ ఐదు రోజులూ నేను జోగిపేటలోనే ఉన్నాను’ అన్నచోట ఒక గీత ఉంది. నాది కాదు. ఒకే గీత, కింద అక్షరాలు కనబడుతున్నాయి. పక్కన ప్రే.ల., 18-5. కారణం, టీచరు గుండ్రటి అక్షరాల్లో: ‘ఒక పూట లేడు. తనే చెప్పిండు.’

పద్ధతి ప్రకారమే ఉంది. అన్నానికి పిలుస్తోంది.